విద్యకై వచ్చిన పరదేశి

నందివాడ మొదలు గుడివాడ, బందరు, దివిసీమ వఱకు గల మన కృష్ణా దిగువ డెల్టాలో విదేశవిద్య నేడు ఇంటింటి ప్రసంగమైనది. వరిచేలు చేపల చెఱువులుగా మాఱిన పల్లెలలో సహితము నలుగురు పెద్దలు కూడినచో, చెఱువు లీజు ధర తరువాత వచ్చు మాట అమెరికా చదువే. ఏ విశ్వవిద్యాలయమున సీటు దొరకినది, బ్యాంకివారెంత ఋణమిచ్చిరి, ఎన్ని యెకరములు తనఖా పెట్టవలసి వచ్చినది, చదువు ముగిసిన పిమ్మట ఉద్యోగమునకు ఎన్నాళ్ళు పట్టును అను ప్రశ్నలన్నియు అడుగుదురు. అడుగని ప్రశ్న యొకటి కలదు. ఆ బిడ్డ పోయి నివసింపబోవు ఊరివారు వానిని ఏ కంట చూచెదరు? వాడు వచ్చినందులకు సంతసింతురా, సహింతురా, విసుగుకొందురా?

ఈ ప్రశ్నను ముందుగా అడిగియుండినచో కొన్ని కుటుంబములకు కన్నీరు తప్పియుండెడిదని మా యభిప్రాయము. బిడ్డ పోవునది ఒక విశ్వవిద్యాలయమునకు మాత్రమే కాదు, ఒక ఊరికి. ఆ ఊరిలో ఇల్లు అద్దెకిచ్చువాడు, అంగడివాడు, అదే యుద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొన్న స్థానిక యువకుడు, పక్కవాటాలోని ముసలమ్మ, పోలీసు, పన్ను కట్టువాడు అందఱు నుందురు. వారి మనస్సు ఒక్కటి కాదు. దాని నెఱుగక పోవుట, నీటి లోతెఱుగక ఏటిలో దిగుటయే యగును.

విద్యార్థికి పరాయి ఊరు ఆశ్రయమిచ్చుట మన జిల్లాకు క్రొత్త గాదు. పూర్వతరములలో వారములు చేసికొని చదువుకొనుట సర్వసామాన్యముగ నుండెడిది. పేద విద్యార్థి సోమవారము ఒక యింట, మంగళవారము మఱొక యింట భుజించి చదువు సాగించెడివాడు. గృహస్థునకు అది పుణ్యము. ఇంటి పిల్లలకు అక్షరములు చెప్పువాడొకడు దొరకును గాన కొంత లాభము. వాడు ప్లీడరై తిరిగి వచ్చిన నాడు మా యింటి యన్నము తిన్నవాడని చెప్పుకొనుట కొక గర్వము. అయితే ఆ యింటి యిల్లాలికి పొయ్యి కడ మఱొక విస్తరి బరువు. వాడు వేళ దప్పి వచ్చినను, తిన్న ఆకు తీయక పోయినను ఆమె ముఖము మాఱెడిది. మఱియు ఆ యౌదార్యమునకొక గోడ యుండెడిది. కులము గాని కుఱ్ఱవానికి ఆ వాకిట వారము దొరకెడిది కాదు. కులమున కొక విద్యార్థి వసతిగృహము వెలయుటకు ఇది యొక కారణము. పుణ్యము, లాభము, గర్వము, విసుగు, వెలి, ఈ యైదును ఒక్క వాకిటనే మనకు కనబడినవి. సముద్రమున కావలి ఊళ్ళలో మనుష్యస్వభావము వేఱుగా నుండునని తలంచుటకు కారణము లేదు.

ఇందులకు స్కాట్లండు దేశము మంచి దృష్టాంతము. అమెరికాలో మనవాడు అతిథి. స్కాట్లండులో ఆ యమెరికా వాడే అతిథి. అచ్చటి సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయము 1413వ సంవత్సరమునుండి పోపు శాసనము గలిగిన ప్రాచీన విద్యాపీఠము. 1759లో అది బెంజమిన్ ఫ్రాంక్లినునకు గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసిన బెంజమిన్ రష్ 1768లో ఎడింబరోలో వైద్యపట్టమందెను. వీరందఱికంటె స్మరణీయుడు జేమ్స్ మెక్యూన్ స్మిత్. న్యూయార్కున బానిసతల్లి కడుపున పుట్టిన ఈ నీగ్రో యువకుని అమెరికా కళాశాలలు చర్మపు రంగు చూచి త్రోసిపుచ్చెను. గ్లాస్గో విశ్వవిద్యాలయము చేర్చుకొనెను. 1837లో అతడు వైద్యుడై స్వదేశమునకు మరలి, న్యూయార్కున రోగులకు సేవచేయుచు బానిసత్వ నిర్మూలనమునకై కలము పట్టెను. కన్నతల్లి కాదన్న బిడ్డను పరాయి ఊరు అక్కున జేర్చుకొన్న కథ యిది. గ్లాస్గో విశ్వవిద్యాలయమువారు 2021లో తమ క్రొత్త విద్యాభవనమునకు అతని పేరు పెట్టిరి.

అట్టి స్కాట్లండులో నేడు అమెరికా విద్యార్థినిగూర్చి జనులేమందురు? తమ చిన్న దేశపు చదువునకై అంతటి సంపన్నదేశమువారు వచ్చుట వారికి గర్వకారణము. స్కాట్లండు బిడ్డలకు తొలిపట్టపు చదువునకు రుసుము లేదు. పరదేశి సంపూర్ణ రుసుము చెల్లించును. ఆ ధనము విశ్వవిద్యాలయమునకు ఊపిరి. అయినను సెయింట్ ఆండ్రూస్ వంటి చిన్న పట్టణమున విద్యార్థులు హెచ్చిన కొలది ఇండ్ల అద్దెలు పెరుగును, ఊరివారి బిడ్డలకు ఊరిలో ఇల్లు దొరకదు. అందుచే గొణుగుడును కలదు. అమెరికావారు బిగ్గఱగా మాటలాడుదురను పరిహాసము వేఱు. గమనింపవలసిన దేమనగా, ఆ యతిథులలో పెక్కురు తెల్లవారు, ఆతిథేయుల భాషయే మాటలాడువారు, ధనవంతులు. వారిని గూర్చియే గొణుగుడు తప్పకుండినచో, రంగు, భాష, భోజనము మూడును వేఱైన మనవాని విషయమున కొంత గొణుగుడు ఉండుట వింతగాదు. గొణుగుడెల్ల ద్వేషము కాదు. అద్దె పెరిగిన వాని బాధ నిజమైన బాధ. దానిని ద్వేషమని నిందించుట అన్యాయము. నిజమైన ద్వేషమును వట్టి గొణుగుడని సరిపెట్టుకొనుట అపాయకరము. ఈ రెంటిని విడదీసి చూడ నేర్చుటయే వివేకము.

అమెరికా మనవారిని ఏ కంట చూచినదో తెలిసికొనుటకు ఒక జీవితము చాలును. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి తెల్లదొర యాచార్యుని యాగ్రహమునకు గుఱియై, మామగారి సొమ్ముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి వారి తోడ్పాటు నాశించియు, 1920ల తొలినాళ్ళలో హార్వర్డు చేరిరి. 1917 నాటి అమెరికా చట్టము ఆసియావాసుల వలసను నిషేధించెను గాని విద్యార్థులకు మినహాయింపు నిచ్చెను. 1923 ఫిబ్రవరిలో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, భగత్ సింగ్ థిండు వ్యాజ్యమున, భారతీయుడు పౌరసత్వమున కర్హుడు కాడని తీర్పు చెప్పెను. చదువుకొనుము గాని మాలో ఒకడవు కావలదని యా దినముల చట్టముల సారము.

ఆ వాతావరణమున సుబ్బారావుగారు ఆసుపత్రిలో రాత్రిపనికి కుదిరి, రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనుచు చదివిరి. ఫిస్కె అను అమెరికను పండితునితో కలిసి, కండరములలో శక్తిని నిలువచేయు ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును కనుగొనిరి. 1930లో డాక్టరు పట్టము లభించెను. కాని హార్వర్డు వారికి స్థిరమైన స్థానమీయలేదు. 1940లో లెడర్లె ఔషధసంస్థ చేరి పరిశోధనకు నాయకత్వము వహించిరి. భారతీయులకు ఏటికి నూఱుగురి వలసను, పౌరసత్వపు హక్కును ఇచ్చు చట్టము 1946లో గాని రాలేదు. 1948లో, పౌరుడు కాకయే, వారు న్యూయార్కున కన్నుమూసిరి. అంతకు ముందటి సంవత్సరమే, అనగా 1947లో, వారి పరిశోధనాశాలనుండి హెట్రజాను అను మందు వెలువడెను. అది బోదకాలు వ్యాధికి మందు. కృష్ణా గోదావరి డెల్టా వాసులకు బోదకాలు ఎట్టి వ్యాధియో మేము చెప్పనక్కఱలేదు. డైఇథైల్ కార్బమజీను అను పేర నేటికిని ప్రభుత్వము ఊరూర పంచుచున్న మాత్ర యదియే. ఒక దేశము సగము తలుపు తెఱచి చేర్చుకొన్న విద్యార్థి, ఆ దేశమునకును జన్మభూమికిని చెల్లించిన ఋణమది.

అప్పటికిని ఇప్పటికిని భేదము సంఖ్యలో గలదు. 1965 నాటి వలసచట్టము దేశమునుబట్టి ఏర్పఱచిన పాత వివక్షను తొలగించెను. 2008లో హైదరాబాదున అమెరికా కాన్సులేటు వెలసెను. 2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో చదువుచున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను మించి మన దేశము ప్రథమస్థానమునకు వచ్చినది అప్పుడే. 2024-25లో ఆ సంఖ్య 3,63,019కి పెరిగెను. అందు తెలుగువారి పాలు పెద్దది. నూఱుగురు అతిథులు వచ్చినచో వింత, లక్షలు వచ్చినచో అది రాజకీయము.

ఈ లక్షలను చూచి ఆతిథేయులు మూడు విధములుగ స్పందించుచున్నారు. మొదటివారు విశ్వవిద్యాలయములవారు, ఆ పట్టణముల వర్తకులు. 2023-24లో అన్ని దేశముల విద్యార్థులును కలిసి అమెరికా ఆర్థికవ్యవస్థకు తెచ్చిన ధనము 4,380 కోట్ల డాలర్లని లెక్క గట్టిరి. 2008 తరువాత ఆ దేశమున జననములు తగ్గినందున కళాశాలలకు స్వదేశపు పిల్లలు తక్కువగుచున్నారు. చిన్న పట్టణములలో పరదేశి రాకపోయినచో కొన్ని శాఖలు మూతపడవలసినదే. వీరు మనవానిని చేతులు చాచి పిలుతురు. అయితే ఆ పిలుపున ప్రేమ యెంత, రుసుము యెంత అని తండ్రి యోచింపవలెను.

రెండవవారు ఉద్యోగార్థులు. విద్యార్థి వీసా గలవాడు చదువు ముగిసిన పిమ్మట 12 నెలలు, శాస్త్ర సాంకేతిక శాఖలవాడైనచో మఱి 24 నెలలు ఆ దేశమున పనిచేయుటకు ఏర్పాటు కలదు. ఆ కాలమున అట్టివానికి వృద్ధాప్య, వైద్యబీమా పన్నులు సాధారణముగ వర్తింపవు. స్వదేశీయుని పనిలో పెట్టుకొన్న యజమాని జీతముపై నూటికి 7.65 వంతున తన పాలు చెల్లింపవలెను. పరదేశి విద్యార్థిని పెట్టుకొన్నచో అది మిగులును. నా బిడ్డకంటె పరాయి బిడ్డ చౌక యగుట ఏమి న్యాయమని అచ్చటి తండ్రి అడుగుచున్నాడు. ఆ ప్రశ్నకు తిట్టు సమాధానము కాదు. మన జిల్లాలో కోతలకు ఒరిస్సా, బీహారు కూలీలు దిగినప్పుడు మన కూలివాడును ఇదే ప్రశ్న యడుగును. అయితే ఆ చట్టమును చేసినది అమెరికా ప్రభుత్వము, దాని లాభము పొందునది అమెరికా యజమాని. కోపము మాత్రము ఏ యధికారము లేని విద్యార్థిపై వచ్చి పడుచున్నది.

మూడవవారు ఇరుగుపొరుగువారు. వీరికి లెక్కలు పట్టవు. ఒక వాటాలో నలుగురుండవలసిన చోట ఎనమండుగురున్నారా, అర్ధరాత్రి కేకలు వేయుచున్నారా, చెత్త తీసి పెట్టుచున్నారా, ఎదురైనప్పుడు పలుకరించుచున్నారా, తమలో తామే తెలుగున మాటలాడుకొని తలుపు మూసికొనుచున్నారా అని చూతురు. మన విద్యార్థి ఈ మూడవవారి కడ గెలిచినచో మొదటి యిద్దఱి కడ సగము గెలిచినట్లే. అచట ఓడినచో ఎన్ని పట్టములున్నను వాడు ఒంటరివాడే.

ఈ మూడు వర్గముల బేరీజును రాజకీయము తన చేతిలోనికి తీసికొనుట 2025లో స్పష్టముగ కనబడెను. ఆ సంవత్సరము మే నెలాఖరున విద్యార్థి వీసాలకు క్రొత్త ఇంటర్వ్యూల నియామకమును నిలిపివేసి, జూనులో మరల తెఱచినప్పుడు సామాజిక మాధ్యమములలో విద్యార్థి వ్రాతలన్నియు బయలుపఱుపవలెనని కట్టడి చేసిరి. సెప్టెంబరు 19న, విదేశమునుండి క్రొత్తగా రప్పించు హెచ్ వన్ బి ఉద్యోగికి యజమాని లక్ష డాలర్లు చెల్లింపవలెనని అధ్యక్షుని ప్రకటన వెలువడెను. ఋణము తీర్చు మార్గమని మనవారు నమ్ముకొన్న వంతెన పరుల చేతిలో నున్నదనియు, ఒక్క సంతకముతో అది ఊగగలదనియు అప్పుడు తెలిసినది.

ఇక మన వైపున చెడినదానిని దాచుట దేశభక్తి కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయముపై అధికారులు దాడి చేసిరి. పేరునకు విశ్వవిద్యాలయము, పనికి వీసాల అంగడి. అందలి విద్యార్థులలో అధికసంఖ్యాకులు ఆంధ్రదేశమువారే. కొందఱి కాళ్ళకు జాడ తెలుపు యంత్రములు తగిలించి తిప్పినప్పుడు దేశమంతయు అవమానముతో తలవంచెను. ఆ సంస్థను స్థాపించిన యామెకు 2014లో పదునాఱేండ్లకు పైబడిన శిక్ష పడెను. మరల 2019 జనవరిలో మిషిగను రాష్ట్రపు ఫార్మింగ్టను విశ్వవిద్యాలయపు గుట్టు బయటపడెను. దానిని నడిపినది అమెరికా ప్రభుత్వపు వలసశాఖయే. తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు, రుసుము మాత్రము పుచ్చుకొనిరి. ఆ సంవత్సరమున సుమారు 250 మంది విద్యార్థులను నిర్బంధించిరి. వారిలో తెలుగువారు మెండు. విద్యార్థులను చేర్చి దళారి సొమ్ము గ్రహించిరని యెనమండుగురిపై నేరారోపణ జరిగెను. వారును మన జాతివారే.

ఇందు దోషము ఎవరిది? చదువులేని చదువును తెలిసియే కొన్నవాడు నిరపరాధి కాడు. కాని ప్రభుత్వమే వలపన్ని, తన యధికారిక జాబితాలో ఆ పేరు చేర్చి, రుసుము పుచ్చుకొని, తుదకు సంకెల వేయుట ఏ ధర్మము? ఈ ప్రశ్నను మనము మాత్రమే కాదు, అమెరికావారును అడిగిరి. అచ్చటి న్యాయవాదులు విద్యార్థుల పక్షమున నిలిచిరి. 2024లో ఫెడరలు అప్పీలు న్యాయస్థానము, ఒడంబడిక భంగమునకై ప్రభుత్వముపై వ్యాజ్యము నడుపుకొనవచ్చునని తీర్పిచ్చెను. వల పన్నినది ఆ దేశమే, వల తెగగోయుటకు తలుపు తెఱచినదియు ఆ దేశమే. కావున అమెరికా మనస్సు ఇట్టిదని ఒక్క మాటలో తేల్చువాని మాట నమ్మదగదు.

2017 ఫిబ్రవరి 22వ తేదీ రాత్రి కాన్సాసు రాష్ట్రమున ఓలేతా పట్టణములో జరిగిన ఘోరము ఈ సత్యమునే రక్తముతో వ్రాసినది. విద్యార్థిగా ఆ దేశమునకు పోయి ఇంజనీరై స్థిరపడిన మన తెలుగువానిని ఒక శ్వేతజాతీయుడు జాతిద్వేషముతో కాల్చి చంపెను. అదే చోట, అదే నిమిషమున, ఎన్నడు పరిచయము లేని యొక అమెరికా యువకుడు హంతకునికి అడ్డుపడి తాను గుండు దెబ్బ తినెను. హంతకునికి యావజ్జీవశిక్ష పడెను. అడ్డుపడిన యువకునకు హ్యూస్టనులోని భారతీయులు ఇల్లు కొనుటకై లక్ష డాలర్లు కూర్చి యిచ్చిరి. పరదేశికి తలుపు మూయు చేయి, పరదేశికై గుండు కాచుకొను ఱొమ్ము, రెండును ఒక్క ఊరివే.

అమెరికావారి మనస్సును ఇంతగా శోధించితిమి గాన, మన మనస్సునకు అదే దీపము పట్టుట న్యాయము. మన యొద్దకు విద్యకై వచ్చు పరదేశిని మనమెట్లు చూచుచున్నాము? మొవ్వ మండలమునందలి కూచిపూడి గ్రామము ఒక మేలైన సమాధానము. తరతరములుగ కొన్ని కుటుంబముల పురుషులకే పరిమితమైన నాట్యవిద్య యది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకు నేర్పిరి. ఆ గ్రామమున జన్మించిన వెంపటి చినసత్యముగారు 1963లో మదరాసున అకాడమీ స్థాపించి ఏ దేశపు శిష్యుల కైనను తలుపు తెఱచిరి. అమెరికా వనిత రాగిణీదేవి కుమార్తె ఇంద్రాణీ రెహమాను కోరాడ నరసింహారావుగారి కడ ఈ విద్య నభ్యసించి దేశదేశముల ప్రదర్శించెను. మా యింటి విద్య పరుల పాలగుచున్నదను బెంగ ఆ కుటుంబములలో లేకపోవుట అసంభవము. అయినను పరులకు నేర్పినందున ఆ విద్య తఱుగలేదు, ఒక చిన్న పల్లె పేరు ప్రపంచమెల్ల వ్యాపించినది.

ఇది మన పెరటి వెలుగు. చీకటియు కలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకును, హైదరాబాదు విద్యాపీఠములకును ఆఫ్రికా ఖండమునుండి విద్యార్థులు వచ్చుచున్నారు. వారి తండ్రులును మనవలెనే అప్పు చేసి పంపినవారే. వారికి ఇల్లు అద్దెకిచ్చుటకు మనమెందఱము ముందుకు వత్తుము? వారు వీథిలో నడచుచుండగా మన పిల్లలు వెనుకనుండి ఏమని కేకలు వేయుదురు? 2016 జనవరిలో బెంగుళూరున, వేఱొక ఆఫ్రికా దేశస్థుడు చేసిన మోటారు ప్రమాదమునకై, దానితో సంబంధమే లేని టాంజానియా విద్యార్థినిని గుంపు పట్టి అవమానించెను. 2017 మార్చిలో ఢిల్లీ సమీపమున గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులపై మూక దాడిచేసెను. ఓలేతాలో మనవాడు పడిన నాటికిని దీనికిని నడుమ రెండు నెలలైన లేదు. అచ్చట మనము న్యాయమడిగితిమి, ఇచ్చట ఇతరులకు ఏ న్యాయము చేసితిమి?

అంత దూరమేల? మన పట్టణములలో వేఱు జిల్లానుండి చదువునకు వచ్చిన కుఱ్ఱవానిని ఇల్లడుగబోయినప్పుడు మొదట ఊరి పేరు, పిమ్మట ఇంటిపేరు, తుదకు కులము అడుగు యజమానులు నేటికిని కలరు. డాలసులోనో చికాగోలోనో తన కుమారునకు చర్మము చూచి ఇల్లు నిరాకరించినచో ఆ యజమానియే పత్రికలకు లేఖ వ్రాయును. కుమారుడు కోరు మర్యాదను తండ్రి తన వాకిట నాచరింపక పోయినచో ఆ ఫిర్యాదునకు బలమెక్కడిది?

కావున మన రైతు సోదరులకును పట్టణవాసులకును మేము చేయు మనవి యిది. ఎకరము తనఖా పెట్టక మునుపు ఏజెంటు మాట గాక, ఆ విద్యాలయమున నేడు చదువుచున్న మఱొక విద్యార్థి మాట వినుడు. ప్రభుత్వపు జాబితాలో పేరుండుట అవసరమే గాని అది చాలదని ఫార్మింగ్టను నేర్పినది. తరగతులు జరుగుచున్నవా, గ్రంథాలయమున్నదా, ఆచార్యుల పేర్లేవి అని అడుగుడు. తరగతికి పోనక్కఱలేదు, చేరిన నాటినుండియే సంపాదింపవచ్చునని ఎవడైన చెప్పినచో, అది చదువు కాదు, ఉచ్చు అని తెలిసికొనుడు. విద్యాసంవత్సరము నడచుచుండగా వారమునకు 20 గంటలు మించక, అదియును విశ్వవిద్యాలయపు ఆవరణలోనే, పని చేయుటకు అనుమతి. ఆ పరిమితిని దాటి పెట్రోలు బంకులోనో భోజనశాలలోనో రహస్యముగ పనిచేసి ఋణము తీర్చునను లెక్కతో బిడ్డను పంపకుడు. ఆ లెక్క వేసిన తండ్రి, నేరము చేయుమని బిడ్డకు చెప్పకయే చెప్పినవాడగును.

మఱియు బిడ్డకు అన్నము వండుకొనుట, గది ఊడ్చుకొనుట, పొరుగువానిని పలుకరించుట, అడుగనిదే సలహా ఈయకుండుట, అడిగినప్పుడు సాయపడుట నేర్పి పంపుడు. పోయిన ఊరిలో తెలుగు సంఘమే ప్రపంచమని తలంపక, ఊరివారి గుడిలో, బడిలో, రక్తదానశిబిరమున, వరదసహాయమున చేయి కలుపుమని చెప్పుడు. ఇవి చిన్న పనులే. వీనితో ఏ చట్టమును మాఱదు, ఏ దురహంకారి మనస్సును కరగదు. కాని గొణుగువాని గొణుగుడు తగ్గును, అడ్డుపడు ఱొమ్ములు పెరుగును.

ఇక మన వంతు. బందరున గాని, గుడివాడ కళాశాల కడ గాని, విజయవాడలో గాని, విద్యకై వచ్చిన వాడు ఏ జిల్లావాడైనను, ఏ రంగువాడైనను, ఏ కులమువాడైనను, నడవడి తప్ప వేఱొకటి విచారింపక ఇల్లు ఇత్తుమని ఇండ్ల యజమానులు కొందఱైనను నిశ్చయింతురు గాక. ఆ పని కాన్సులేటు అనుమతి లేకయే చేయవచ్చును, అందులకు లక్ష డాలర్ల రుసుమును లేదు. పూర్వము వారమిచ్చిన యిల్లాలు ఏడు దినములలో ఒక దినము విద్యార్థి భారము మోసినది. ఆమె మనుమలు ఒక గది తలుపు తెఱచుటకు వెనుదీయుదురని మేము తలంపము.